మనసు బాగాలేని రోజుల్లో ఇంటి పని, బయటి పని నడిపించుకోవడం ఎలా?

"స్నానానికి కూడా లేవబుద్ధి కావడం లేదు. ఇంట్లో బద్ధకం అంటున్నారు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు రకరకాలుగా వస్తూనే ఉంది. హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలు అడుగుతారు. పరకాల వైపు నుంచి, జగిత్యాల వైపు నుంచి ఇల్లు నడిపే ఆడవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. డిప్రెషన్, యాంగ్జైటీ ఎందుకు వస్తాయన్న చర్చ ఇక్కడ ఉండదు. ఇవాళ పొద్దున లేచి రాత్రి పడుకునే దాకా ఎలా నడిపించుకోవాలన్నదే ఉంటుంది. నేను డాక్టర్‌ను కాదు, మాత్రలు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని.

ముందుగా ఇది చదవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే కింద రాసినవన్నీ పక్కన పెట్టండి. ఇంట్లో ఒక మనిషిని పిలిచి, "నన్ను ఒంటరిగా వదలకు" అని అచ్చంగా ఆ మాటే చెప్పండి. ఇంట్లో పొలానికి కొట్టే మందులుంటే, ఎక్కువ మాత్రలుంటే వాటిని వేరే ఇంటికి పంపించమనండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రి పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108 లేదా 112.

కావలసినవి

- గోడకు వేలాడే పెద్ద గళ్ల క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్ను. పెన్ను కట్టకపోతే మూడో రోజుకు మాయమవుతుంది.
- వారం రోజుల గదులున్న మాత్రల డబ్బా. మెడికల్ షాపులో దొరుకుతుంది.
- స్నానాల గదిలో వేసుకోవడానికి ప్లాస్టిక్ స్టూల్.
- ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు పెట్టుకోవడానికి ఒక ఫైలు.
- విషయం తెలిసిన ఒక్క మనిషి. భార్యో, అక్కో, రూమ్మేటో ఎవరైనా సరే. పదిమందికి చెప్పాల్సిన పని లేదు.

1. ప్రతి పనికీ మూడు సైజులు రాసుకోండి

ఇది కాస్త బాగున్న రోజు చేసి పెట్టుకోవాల్సిన పని. బాగాలేని రోజున ఏం చేయాలో ఆలోచించడమే పెద్ద బరువు, అందుకే ముందే రాసుకుంటున్నాం. రోజూ తప్పని పనులు అయిదారు తీసుకోండి. ఒక్కోదానికి నిండు, సగం, చిటికెడు అని మూడు రకాలు రాయండి.

వంట సంగతి చూద్దాం. నిండు అంటే అన్నం, పప్పు, కూర. సగం అంటే అన్నం, పచ్చిపులుసు, ఉడకబెట్టిన గుడ్డు. పచ్చిపులుసుకు పొయ్యి ముందు నిలబడే పని లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు వేస్తే అయిపోయింది. చిటికెడు అంటే పెరుగులో అటుకులు కలుపుకుని తినడం, అంతే.

స్నానం: నిండు అంటే తలస్నానం. సగం అంటే స్టూల్ మీద కూర్చుని ఒంటికి నాలుగు చెంబులు. చిటికెడు అంటే తడి టవల్‌తో మొహం, మెడ, చంకలు, పాదాలు తుడుచుకుని లోపలి బట్టలు మార్చుకోవడం.

ఇల్లు: నిండు అంటే ఊడ్చి తుడవడం. సగం అంటే మీరు కూర్చునే గది ఊడవడం. చిటికెడు అంటే చెత్త బండి వచ్చినప్పుడు సంచి బయట పెట్టడం.

పొద్దున పది నిమిషాల్లో ఇవాళ ఏ సైజో తేల్చుకోండి. తేల్చుకున్నాక మళ్లీ బేరం వద్దు. బండి రిజర్వులో పడితే దూరం పోము, బంకు దాకా పోతాం. చిటికెడు రోజు అంటే అదే.

ఎక్కువ మంది ఇక్కడ రెండు రకాలుగా తప్పుతారు. ఒకటి, మూడు సైజులూ రాసుకుని కూడా రోజూ నిండుతోనే మొదలుపెట్టడం. మధ్యాహ్నానికి చేతకాక, "నావల్ల ఏదీ కాదు" అని మంచం ఎక్కుతారు. రెండోది, కాస్త బాగున్న రోజు పేరుకుపోయిన పనంతా మీదేసుకోవడం. అటక దులిపి, పరుపులు ఎండబెట్టి, నెల బట్టలు ఉతికేస్తారు. ఆ తర్వాత రెండు మూడు రోజులు లేవరు. బాగున్న రోజు కూడా నిండు సైజు దాటొద్దు. ఇది పాటించడం కష్టం, అయినా అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

వారమంతా చిటికెడు దగ్గరే ఆగిపోతే, వచ్చే వారం ఒక్క పనిని మాత్రమే సగానికి జరపండి. అన్నిటినీ కాదు.

2. లేచే టైమ్ ఒకటి పెట్టుకోండి

పడుకునే టైమ్ మన చేతిలో ఉండదు, లేచే టైమ్ కొంత ఉంటుంది. నిద్ర రాత్రి రెండింటికి పట్టినా ఏడింటికి లేవండి. అలారం పెట్టిన ఫోన్‌ను తలగడ కింద కాకుండా లేస్తే తప్ప అందనంత దూరంలో ఛార్జింగ్ పెట్టండి. లేచి కాళ్లు కింద పెట్టి, గ్లాసుడు నీళ్లు తాగి, తలుపు తీసి వెలుతురులో నిలబడండి. పళ్లు తోముకోవడం కూడా బయటి నల్లా దగ్గర పెట్టుకుంటే వెలుతురు, పని రెండూ ఒకేసారి అయిపోతాయి.

మళ్లీ నిద్రొస్తే మధ్యాహ్నం అరగంట పడుకోవచ్చు, మూడు దాటాక మాత్రం వద్దు. సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ మానేయండి. యాంగ్జైటీ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రోజుకు ఏడెనిమిది చాయ్‌లు తాగుతూ గుండె దడ అని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

3. పని మొదలుపెట్టే కిటుకు

మూడ్ వచ్చాక చేద్దాం అనుకుంటే మూడ్ రాదు. ఈ జబ్బులో పనే ముందు, మూడ్ దాని వెనక వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు, అయినా పని అయిపోతుంది. కాబట్టి "స్నానం చేయాలి" అనుకోకండి. "బాత్రూమ్ లైట్ వేయాలి" అనుకోండి. వేశాక బకెట్ కింద నల్లా తిప్పండి. బకెట్ నిండేలోపు టవల్ తెచ్చుకోండి. నీళ్లు పొర్లిపోతుంటే లోపలికి వెళ్లక తప్పదు.

గిన్నెలకు అయిదు నిమిషాల టైమర్ పెట్టండి. టైమర్ మోగితే ఆపేయొచ్చు, నిజంగానే ఆపేయొచ్చు. మీతో మీరు చేసుకున్న ఒప్పందాన్ని "ఇంకో నాలుగే ఉన్నాయి" అని మీరే మీరితే రేపు ఆ టైమర్‌ను నమ్మరు. ముందు గ్లాసులు, చెంచాలు కడగండి. అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి రేపటికి వదిలేయండి. రోగం ముదిరి సింకు నిండిపోయిన ఇంట్లో ఒక వారం విస్తరాకుల్లో తినడం తప్పేమీ కాదు. అత్తగారు ఏమంటారో అన్నది వేరే విషయం.

4. తిండి, మాత్ర

ఆకలి తెలియకపోయినా మూడు పూటలకు మూడు అలారాలు పెట్టుకోండి. మాత్రను తిండికి ముడిపెట్టండి, అప్పుడు రెండూ తప్పవు. ఆదివారం డబ్బా నింపుకుంటే "ఇవాళ వేసుకున్నానా, లేదా?" అన్న టెన్షన్ ఉండదు, గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. ఒక డోసు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

డిప్రెషన్, యాంగ్జైటీకి ఇచ్చే ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు మొదలుపెట్టాక ఫలితం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం, కాస్త దడ చాలామందికి ఉంటాయి. "పడడం లేదు" అని అక్కడే మానేస్తారు. మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి. అశాంతి బాగా పెరిగినా, చావు ఆలోచనలు కొత్తగా వచ్చినా అదే రోజు చెప్పాలి.

నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజోలం కొనుక్కోకండి. అలవాటు పడే మందు అది. మన వైపు ఇంకో తిరకాసు ఉంది, కల్లు. నిజామాబాద్ లాంటి చోట్ల కల్తీ కల్లులో ఇదే అల్ప్రాజోలం కలిపి పట్టుబడ్డ కేసులు కొత్త కాదు. "సాయంత్రం ఒక సీసా తాగితే మనసు నిమ్మళంగా ఉంటుంది" అనేవాళ్లకు పనిచేస్తున్నది ఏదో ఊహించుకోండి. రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా ఆపకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కల్లు, మద్యం, ఈ మాత్రలు ఒకేసారి ఒంట్లో పడకూడదు.

ఇక తాయెత్తు. అమ్మ దర్గాకో, గుడికో తీసుకుపోతానంటే పోండి, కట్టించుకుంటే ఆమె మనసు కుదుటపడుతుందంటే కట్టించుకోండి. మాత్ర మాత్రం ఆపొద్దు. ఆపమని చెప్పే చోటికి రెండోసారి పోవద్దు.

5. బయటికి పోవడం

బయటికి పోవాలంటే భయం ఉన్నవాళ్లు మెట్లు రాసుకోవాలి. వరంగల్‌లో ఉండే మనిషికి ఒక నమూనా ఇస్తున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

- గేటు దాకా పోయి రావడం.
- సందు చివర కిరాణా షాపులో పాల ప్యాకెట్ కొనడం.
- సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీదనో, భద్రకాళి చెరువు కట్ట మీదనో పది నిమిషాలు నడవడం.
- రద్దీ లేని టైమ్‌లో సిటీ బస్సు ఎక్కి రెండు స్టాపులు పోవడం.
- హనుమకొండ చౌరస్తాలో సాయంత్రం రద్దీలో ఒక షాపులోకి పోయి ఒక వస్తువు కొనడం.

ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా అదే మళ్లీ మళ్లీ చేయండి. తర్వాతే పై మెట్టు. భయం పెరగగానే ఇంటికి పరిగెత్తితే, ఇల్లే దిక్కు అని మనసు నేర్చుకుంటుంది. వీలైతే అక్కడే పక్కకు నిలబడి, కాస్త తగ్గాక వెనక్కి రండి. తోడు మనిషిని మొదటి ఒకటి రెండుసార్లు తీసుకుపోవచ్చు, తర్వాత పది అడుగులు వెనక నడవమనండి. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఈ ప్రయత్నాలు పెట్టుకోవద్దు. మన వైపు మే నెల ఎండకే తల తిరుగుతుంది, అది భయమో వడదెబ్బో తెలియదు.

6. ఉన్నట్టుండి దడ పుడితే

గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడనట్టు ఉండడం, చేతులు తిమ్మిరెక్కడం, "పోతున్నాను" అనిపించడం. ఇది మొదటిసారి అయితే, ముఖ్యంగా ఛాతీ నొప్పి ఉంటే, ముందు ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించుకోండి. గుండె జబ్బు కాదు, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం) అని డాక్టర్ తేల్చాకే కింది పద్ధతి.

మామూలుగా ఇది పది నిమిషాల్లో పైకి పోయి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి. పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు, గట్టిగా" అంటారు. వేగంగా గట్టిగా పీలిస్తే తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. చల్లటి నీళ్లతో మొహం కడుక్కోండి. కళ్ల ముందున్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి: ఫ్యాను, తలుపు, చెప్పులు, బకెట్, సంచి. పద్ధతి పనిచేసిందా లేదా అన్నది దడ పూర్తిగా పోయిందా అని చూసి తేల్చకండి. ఇరవై నిమిషాల తర్వాత మీరు చేస్తున్న పనికి తిరిగి వెళ్లగలిగారా అన్నది చూడండి.

7. ఫోన్లు, బిల్లులు, ఆఫీసు

ఫోన్ ఎత్తాలంటే భయం ఉన్నవాళ్లు మొదటి రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని చేయండి. రోజుకు ఒక ఫోన్, పొద్దున పదకొండు లోపు. కరెంట్ బిల్లు, గ్యాస్, ఫోన్ రీఛార్జ్ అన్నీ ఒకే తేదీన కట్టేయండి. చేతకాని నెలలో ఆ ఒక్క మనిషికి అప్పజెప్పండి. ఆఫీసులో జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. "ఆరోగ్యం బాగాలేదు సార్, డాక్టర్ చీటీ ఇస్తాను" అంటే చాలు.

8. ఫంక్షన్లు

ఇది చాలామంది అడిగారు. పెళ్లికి పోకపోతే మాట వస్తుంది, పోతే ప్రాణం పోయినట్టుంటుంది. ముహూర్తానికి ముందే పోయి, కట్నం చదివించి, పెద్దవాళ్లు ఇద్దరికి కనబడి, భోజనాలు మొదలయ్యేలోపు బయటపడండి. వచ్చినట్టు లెక్క పడుతుంది. "ఏంది బిడ్డా, గిట్ల చిక్కినవ్?" అనే పెద్దమ్మ తప్పకుండా ఉంటుంది. జవాబు ముందే సిద్ధం చేసుకోండి: "థైరాయిడ్ చూపించుకుంటున్న పెద్దమ్మా, తగ్గుతుంది." అబద్ధమే. అయినా ఫంక్షన్ హాల్లో డిప్రెషన్ గురించి పాఠం చెప్పే ఓపిక మీకు లేనప్పుడు ఇది చాలు. బతుకమ్మ రోజుల్లో తొమ్మిది రోజులూ ఆడాల్సిన పని లేదు. సద్దుల నాడు ఒక్క చుట్టు తిరిగి, ఒక పక్కన కూర్చుంటే సరిపోతుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు జబ్బు గురించి కాకుండా కావలసిన సాయం గురించి చెప్పండి. "నన్ను అర్థం చేసుకోవడం లేదు" అంటే గొడవవుతుంది. "అమ్మా, ఇయ్యాల నాతోని అయితలేదు. అన్నం పెట్టియ్యి, ఏమనకు" అంటే పని జరుగుతుంది.

9. డాక్టర్ దగ్గరికి

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం ఇలాగే ఉంటే చూపించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. సర్కారు ఆసుపత్రుల్లో ఓపీ పొద్దున పూటే కాబట్టి చీటీ కోసం తొందరగా పోండి, నీళ్ల బాటిల్, తినడానికి ఏదైనా పట్టుకోండి. అంత దూరం పోలేకపోతే మీ దగ్గరి సర్కారు దవాఖానలో జనరల్ డాక్టర్‌తో మొదలుపెట్టండి.

లోపల మీకు దొరికేది కొద్ది నిమిషాలే. చీటీ మీద ఇవి రాసుకుని చేతికి ఇవ్వండి: ఎప్పటినుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఏ పనులు ఆగిపోయాయి, ఇప్పటికే వాడుతున్న మందులు, కల్లు లేదా మద్యం, చావు ఆలోచనలు ఉన్నాయా. "మనసు బాగుంటలేదు సార్" అని ఒక్క మాట అంటే డాక్టర్‌కు పట్టు దొరకదు. "నెల నుంచి పొలం కాడికి పోలేదు" అంటే దొరుకుతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు అవసరమా అని అడగండి. వీటిలో లోపం ఉన్నా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి.

ఊళ్లో తెలుస్తుందని భయపడేవాళ్లకు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్లది.

10. ఫలితం ఎలా చూసుకోవాలి

రోజూ పడుకునే ముందు క్యాలెండర్ గడిలో మూడు గుర్తులు మాత్రం వేయండి: తిన్నానా, ఒళ్లు శుభ్రం చేసుకున్నానా, గడప దాటానా. చిటికెడు సైజు చేసినా టిక్కే. ఎలా అనిపించిందో రాయకండి. ఆ రాత్రి దిగులుతో రాసింది తర్వాత చదువుకుంటే ఇంకా దిగులు.

రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ-9 నింపండి, డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నల కాగితం అది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. తెలుగులో దొరుకుతుంది. పది గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ చూడాల్సిన స్థాయి. అంతకుముందు కంటే అయిదు తగ్గితే నిజంగా తగ్గుతున్నట్టే. ఒకటి రెండు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏం వచ్చినా, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా, అదే రోజు ఎవరికైనా చెప్పాలి.

రోజుకూ రోజుకూ పోల్చొద్దు, వారానికీ వారానికీ పోల్చండి. టిక్కులు పెరిగి స్కోరు తగ్గకపోవడం మామూలే. చాలామందికి పనులు ముందు కుదుటపడి, మనసు తర్వాత తేలికపడుతుంది. చుట్టుపక్కలవాళ్లకు మార్పు మనకంటే ముందు కనిపిస్తుంది కూడా, అందుకే విషయం తెలిసిన ఆ మనిషిని నెలకోసారి అడగండి.

మందు సరిగా వేసుకున్నా ఆరు వారాలకు ఏ మార్పూ లేకపోతే క్యాలెండర్ పేజీని ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. డోసు పెంచాలా, మందు మార్చాలా, కౌన్సెలింగ్ కలపాలా అని అడగండి. మొదటి మందే అందరికీ పనిచేయదు, రెండోదాంతో తగ్గేవాళ్లు చాలామంది. తగ్గిన తర్వాత కూడా ఆరు నెలలో, ఇంకా ఎక్కువో వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. పండక్కి ఊరికి పోతూ మాత్రలు ఇంట్లో మరిచిపోయి తల తిరుగుతోందని ఫోన్ చేసేవాళ్లు ప్రతి దసరాకూ ఉంటారు, కాబట్టి బ్యాగులో ఒక షీటు ఎప్పుడూ విడిగా పెట్టుకోండి.